తిరగేసి తీసిన ఫోటోలు

మా ఆయన వాటిని కోళ్లన్నారు. నేను నేసింది చిలకల్ని.

జానెడు అంచు పూర్తయ్యాక మగ్గం గుంటలోంచి లేచి, గుమ్మం దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి చూశాను. కోళ్లే. అందులో ఒకటైతే గుడ్ల మీద పొదగడానికి కూర్చున్నట్టుంది.

"పోనీలే, కోళ్ల అంచు అని చెప్పి అమ్ముదాం. ఆదివారం గిరాకీ బాగుంటుంది" అన్నారాయన. అని, తన మాటకు తనే నవ్వుకుంటూ నూలు కండెలు చుట్టుకోడానికి వెళ్లారు.

నేను నేయాలనుకున్నది మా అమ్మ నేసిన చిలకల బారు. అంచు పొడుగునా చిలకలు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. ప్రతి మూడో చిలక మాత్రం తల వెనక్కి తిప్పి చూస్తుంది. చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని, అదొక్కటే ఎందుకట్లా చూస్తుందని అడిగాను. "ముందున్నవాటికేం, పోతూనే ఉంటాయి. వెనకవాళ్లు వస్తున్నారో లేదో ఒకళ్లు చూసుకోవద్దా?" అంది అమ్మ. ఆవిడకు చదువు లేదు. ఆ అంచు ఏ గళ్ల కాగితం మీదా లేదు. ఆవిడ తలలో ఉండేది, వేళ్లలోంచి దిగేది. ఏ పోగు ఎప్పుడు లేపాలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ ఎప్పుడూ ఉంటుందనుకునే వయసు అది.

ఆ అంచుతో అమ్మ నేసిన చీరల్లో ఒక్కటే మిగిలిందని తెలిసింది. విజయవాడ గవర్నర్‌పేటలో పాత బట్టల కొట్టువారి ఇంటి మామ్మగారి దగ్గర. మా ఊరి చీరలన్నీ ఒకప్పుడు వాళ్ల కొట్టుకే చేరేవి. కొట్టు యజమాని ఈ చీరను బేరానికి పెట్టకుండా భార్యకు, అంటే ఈ మామ్మగారికి, దాచారట. మామ్మగారికి ఫోన్ చేసి, ఒక్కసారి చూపించమని అడిగాను.

"చూస్తే చూడుగాని మంగళవారం పొద్దున్నే రా. మధ్యాహ్నం టైలర్‌కి పంపిస్తున్నాం. మనవరాలికి లాంగ్‌ఫ్రాక్ కుట్టించాలి" అన్నారావిడ.

"చీరని కోసేస్తారా అండీ?"

"కొయ్యకుండా ఫ్రాక్ ఎట్లా కుడతారే?"

ఫోన్ పెట్టేశాను. చీర ఆవిడది. నేను కొంటానన్నా ఇవ్వరు, మనవరాలి ముచ్చట ముందు నా ముచ్చటెంత? కాబట్టి కత్తెర పడేలోపు ఆ అంచును ఫోటో తీయించాలి. నా ఫోన్లో తీస్తే పోగులు లెక్కకు రావు, అన్నీ కలిసిపోయి అలికినట్టుంటాయి. మా మరిది విజయవాడలోనే పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. అతన్ని బతిమాలాను.

మంగళవారం మొదటి బస్సెక్కి వెళ్లాను. మరిది కెమెరా వేసుకుని వచ్చాడు, వచ్చేటప్పుడు ఒక సంచీ నిండా గులాబీ రేకులు కూడా తెచ్చాడు.

"ఇవెందుకయ్యా?"

"చీర మీద చల్లితే నిండుగా ఉంటుంది వదినా. పక్కన ఒక కొబ్బరికాయ, రెండు తమలపాకులు పెడదాం."

"నీకు దణ్ణం పెడతాను, చీరకు పెళ్లి చెయ్యకు. పోగులు కనపడితే చాలు."

మామ్మగారు వరండాలో మంచం మీద చీర పరిచారు. చిలకలు అట్లాగే ఉన్నాయి. ముక్కు, రెక్క, తోక, మూడోదాని తల వెనక్కి. మరిది ముందువైపు చకచకా తీసేశాడు. ఇప్పుడు చీర తిరగెయ్యమని అడిగాను. అక్కడే చిక్కొచ్చింది. మామ్మగారు చీర మీద చెయ్యి వేసి పట్టుకున్నారు.

"తిరగెయ్యడమేంటే? చీరకు వీపు ఫోటో ఎందుకు? వేలాడే పోగులన్నీ బయట పెట్టి నా చీర పరువు తీస్తావా?"

నేత పని తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. ముందువైపు చిలక కనిపిస్తుంది, అంతే. దాన్ని చూసి కోడిని నేయొచ్చుగాని చిలకను నేయలేం. అది నేను నేసి చూశాను కదా. వెనకవైపు అయితే పోగు ఎక్కడ బయలుదేరింది, ఎన్నింటి మీదుగా దూకింది, ఎక్కడ మునిగింది, ఎక్కడ ముడి పడింది, అంతా రాసిపెట్టినట్టు ఉంటుంది. ఇదంతా నేను నోరు తిరగక నానుస్తుంటే మరిది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"మామ్మగారూ, పెళ్లికూతుర్ని ఎదురుగా తీసినా, పూలజడ కోసం వెనక్కి తిప్పి కూడా తీస్తాం గదండీ. తీయకపోతే పెళ్లికూతురి తల్లి ఊరుకుంటుందా? ఇది చీరకు జడ ఫోటో అనుకోండి."

మామ్మగారు ఆలోచించి, చెయ్యి తీసేశారు. "అయితే జడ ఫోటో బాగా రానియ్" అన్నారు పైగా.

మరిది వంగి, మోకాళ్ల మీద కూర్చుని, వెనకవైపు పద్దెనిమిది ఫోటోలు తీశాడు. మేం గడప దాటుతుంటేనే, మధ్యాహ్నానికి రావాల్సిన టైలర్ కొట్టు మనిషి అప్పుడే స్కూటర్ దిగుతున్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. ఆ మనిషి మొహం నేను చూడలేదు.

రోడ్డు మీదికి వచ్చాక మరిది కెమెరాలోంచి చిన్న కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. తపాలా బిళ్ల కంటే కాస్త పెద్దది.

"వదినా, నా కంప్యూటర్ రిపేరుకిచ్చాను. ఉన్న కార్డులన్నీ పెళ్లిళ్లతో నిండిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. సాయంత్రం రిసెప్షన్ ఉంది. నాలుగింటికి వచ్చి తీసుకుంటా. ఈలోపు నీ ఫోటోలు ఎందులోకన్నా ఎక్కించుకో. తీసుకోగానే నేను ఖాళీ చేసేస్తా."

"ఎందులోకి ఎక్కించుకోను?"

"మీ టీచరుగారింట్లో లాప్‌టాప్ ఉందన్నావుగా?"

ఉంది. కార్డును పర్సులో పెట్టడానికి భయమేసి, కొంగు చివర ముడివేసుకుని, బెంజ్ సర్కిల్‌కి ఆటో ఎక్కాను.

టీచరుగారంటే మా ఊరి బడిలో చాలాకాలం పనిచేసి రిటైరైనావిడ. సాయంత్రాలు తన వరండాలో నాలాంటి ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించేవారు. నేను ఆవిడ దగ్గర చేరేటప్పటికి నాకు యాభై దాటాయి. అప్పటిదాకా బస్సుల్ని రంగును బట్టి, మందుల్ని పట్టీల మెరుపును బట్టి గుర్తుపట్టేదాన్ని. కాగితాల మీద ఎక్కడ చూపిస్తే అక్కడ వేలు అద్ది, సిరా కొంగుకు తుడుచుకుని వచ్చేదాన్ని. టీచరుగారు పలక ఇవ్వకముందే నా చేత ఒక మాట అనిపించారు. "చదవకుండా దేనిమీదా వేలు పెట్టను." మూడుసార్లు గట్టిగా అనిపించారు, వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేటట్టు. రిటైరయ్యాక కొన్నాళ్లకు బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్‌లోకి మారారు. ఇప్పటికీ నేను కనిపిస్తే ముందు దస్తూరీ చూపించమంటారు.

ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. మూడంతస్తులెక్కి, ఊపిరి పీల్చుకుని, సంగతి చెప్పాను.

"ఓస్, ఇంతేనా?" అన్నారు టీచరుగారు. "మా చెల్లెలి కూతురు కొత్తది కొనుక్కుని ఇది నాకు పంపింది. వచ్చి వారమే అయింది. ఇంకా అలవాటు కాలేదుగాని, రాదని కాదు."

లాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీద పెట్టారు. పక్కన బడి హాజరు పట్టీ పెట్టారు. రిటైరయ్యేటప్పుడు మిగిలిపోయిన కొత్త పట్టీ అది, ఒక్క పేరూ రాయలేదు. లాప్‌టాప్ నడిపే విధానమంతా అందులోనే రాసుకున్నారు. మొదటి మాట: ప్లగ్గు పెట్టవలెను. రెండో మాట: స్విచ్చి వేయవలెను. మొదటిది చేసి రెండోది మరిచిపోయినట్టున్న రోజు తాలూకు ఎర్ర గీత కూడా దానికింద ఉంది.

తెర వెలిగింది. కొండలు, నీళ్లు, ఎక్కడిదో ఊరుకాని ఊరు. ఎడమపక్క పైన చిన్న బొమ్మలు కొన్ని ఉన్నాయి. వాటి కింద ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు, కాబట్టి అలవాటు కొద్దీ బొమ్మల్ని చూసుకున్నాను. ఒకటి పసుపురంగు అట్ట. ఒకటి బుట్ట. ఖాళీ బుట్ట.

"కార్డు ఇటివ్వు" అని, టీచరుగారు దాన్ని పక్కనున్న సందులో దూర్చబోయారు. పోలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కారు.

"ఆగండాగండి" అని తీసుకున్నాను. పోగును అటూ ఇటూ మోసే నాడెలో కండె కూర్చోకపోతే తిప్పి చూడాలిగాని కొట్టకూడదు. కార్డును తిరగేసి పెట్టాను. మెత్తగా వెళ్లి కూర్చుంది.

"నేనూ అదే చేయబోతున్నా" అన్నారు టీచరుగారు.

వెంటనే తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఈ కార్డుతో ఏం చేయమంటారు అని అడుగుతోంది."

"ఫోటోలు తీసి దాచమని చెప్పండి."

"మన ఇష్టమొచ్చిన జవాబు చెప్పకూడదమ్మా. బిట్ పేపర్ లాంటిది. అది ఇచ్చిన వాటిలోంచే ఒకటి ఎంచుకోవాలి."

ఎంచుకోవడంలోనే తంటా. వేలు రాసే పలక ఒకటి ఉంది దానికి, మీటల కింద. టీచరుగారి చెయ్యి కొంచెం వణుకుతుంది. ఆవిడ వేలు పెడితే బాణం గుర్తు ఈగలాగా తెరంతా తిరిగి మూలకు పోయి కూర్చుంటోంది. "నువ్వు పెట్టు" అన్నారు. నేను పెట్టాను. బాణం కదల్లేదు. ఇంకోసారి రాశాను. ఊహూఁ. ముప్పై ఏళ్లు పోగులు లాగిన వేలు, గంజికి, పోగులకు అరిగి కాయలు కాసి ఉంటుంది. వేలిముద్రల మిషన్ల దగ్గరా నాకిదే అవస్థ. అక్కడ కనీసం మనిషి విసుక్కుంటాడు. ఇది విసుక్కోను కూడా లేదు, నేనసలు అక్కడ లేనట్టే ఊరుకుంది.

గ్లాసులో నీళ్లుంటే వేలి కొస ముంచి, కొంగుకు అద్ది, మళ్లీ పెట్టాను. తెగిన పోగు ముడివేసేటప్పుడు చేసే పనే. బాణం నా వెంట నడిచింది.

"సరే. నేను చదువుతా. నువ్వు వేలు పెట్టు" అన్నారు టీచరుగారు. అట్లా పని పంచుకున్నాం. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పాటి అయ్యాం.

కార్డు తెరిచాం. చిలకలు వరసగా దిగాయి. ముందు మెరుస్తున్నవి, వెనక జడ ఫోటోలు. వాటిని పెట్టుకోడానికి ఒక అట్ట కావాలట, ఫోల్డరంటారట, దానికి పేరు కావాలట. తెలుగు మీటలు లేవు. "అమ్మ అని పెట్టండి" అన్నాను. టీచరుగారు ఇంగ్లీషులో ఆ పేరుకు రెండే మీటలని చూపించారు. నేనే నొక్కాను. ఒకటి, ఇంకోటి రెండుసార్లు, మళ్లీ మొదటిది. ఇంగ్లీషులో నేను రాసిన మొదటి మాట అది. దస్తూరీ గురించి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

ఆ తర్వాత పట్టీలో చూసి, అన్ని ఫోటోలనూ ఒకేసారి పట్టుకున్నాం. అన్నీ నీలంగా మారాయి. "ఇప్పుడు కాపీ అనేదాని మీద నొక్కు" అని, టీచరుగారే మొహం చిట్లించుకున్నారు. "కాపీ కొట్టొద్దని ముప్పై ఐదేళ్లు అరిచాను. చివరికి నా చేత్తో నేనే కొట్టిస్తున్నా."

"ఎవరూ చూడట్లేదు లెండి."

నొక్కాను. అమ్మ అట్టలో దింపాం. పచ్చటి పట్టీ ఒకటి ఎడమ నుంచి కుడికి నిండుతూ పోయింది, నిండి మాయమైంది. మళ్లీ అట్ట తెరిచి లెక్కపెట్టాం. అన్నీ వచ్చాయి. వెనకవైపువి పద్దెనిమిదీ వచ్చాయి. కార్డు లాగేసి, అట్ట మళ్లీ తెరిచి చూశాం. అప్పుడూ ఉన్నాయి. టీచరుగారు కుర్చీలో వెనక్కి వాలి, వంద మార్కులు వచ్చినట్టు నావైపు చూశారు.

అప్పుడే మరిది ఫోన్. గేటు దగ్గర ఉన్నాడు, లేటవుతోంది, పైకి రాలేడు. కార్డు పట్టుకుని మూడంతస్తులూ దిగాను.

"అన్నీ ఎక్కాయా వదినా?"

"ఎక్కాయి. లెక్కపెట్టుకున్నాం."

అతను కార్డు కెమెరాలో వేసి, రెండు మీటలు నొక్కాడు. "అయిపోయింది. ఖాళీ" అని తెర చూపించాడు. తోమి బోర్లించిన గిన్నెలా ఉంది. స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు. నేను సంచీలో మిగిలిన గులాబీ రేకులు పట్టుకుని మళ్లీ మెట్లెక్కాను. అవి నాకెందుకిచ్చాడో ఇప్పటికీ తెలియదు.

పైకి వచ్చేసరికి టీచరుగారు లాప్‌టాప్ ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. మొహంలో ఒక వెలుగు. ఆ వెలుగు నాకు తెలుసు. మా పలకలన్నీ దిద్దేసి, చేతులు దులుపుకునేటప్పుడు ఉండే వెలుగు.

"నువ్వు కిందికెళ్లి వచ్చేలోపు నేనే, ఒక్కదాన్నే, అంతా శుభ్రం చేసి పెట్టాను" అన్నారు. "బాణం నా మాట విన్నది. రెండు చేతులతో పట్టుకుంటే వింటుంది. ఇంక ఒక్కటే మిగిలింది, చిన్న గడి, దాని మీద మాత్రం ఆగడం లేదు. నువ్వొచ్చి ఎడమవైపు గడి మీద వేలు పెట్టు, పని పూర్తవుతుంది."

తెర మధ్యలో ఒక పెట్టె ఉంది. అందులో నాలుగు ముక్కలు ఇంగ్లీషు, కింద రెండు గడులు. నేను గ్లాసులో వేలు ముంచాను. కొంగుకు అద్దాను. పలక మీద పెట్టాను. బాణం ఎడమ గడి మీదికి వచ్చి ఆగింది.

"ఏం రాసుందండీ?"

"ఏముందిలే, మామూలే. నొక్కు."

"చదవకుండా దేనిమీదా వేలు పెట్టనని మీరేగా అనిపించారు."

టీచరుగారు నావైపు ఒక చూపు చూశారు. తన బెత్తం తనకే తగిలినట్టు. తర్వాత చదివారు. "ఈ పద్దెనిమిదింటినీ శాశ్వతంగా తీసెయ్యమంటారా అని అడుగుతోంది."

"ఏ పద్దెనిమిదండీ?"

"అవేనమ్మా, పాడైపోయినవి. మీ మరిది చీర తిరగేసి తీశాడు, చూసుకోలేదు పాపం. పోగులు వేలాడుతూ, ముడులతో, చూడ్డానికే బాగాలేవు. అవన్నీ ఏరి తీసేశాను. బాగున్నవి మాత్రం ఉంచాను, చూడు, ఎంత పొందిగ్గా ఉన్నాయో."

వేలు పలక మీదే ఉండిపోయింది. కదిపితే నొక్కుకుంటుందేమోనని భయం, తీస్తే నొక్కుకుంటుందేమోనని అంతకంటే భయం. కార్డు ఖాళీ అవడం నా కళ్లతో చూశాను. చీర ఈపాటికి టైలర్ బల్ల మీద ఉంటుంది.

"టీచరుగారూ, నాక్కావాల్సినవి అవేనండీ."

"ఏవి?"

"తిరగేసినవి."

"తిరగేసినవెందుకమ్మా?"

"మాకు అదే చదివే వైపండీ. మీరు ఉంచినవి అట్ట మీద బొమ్మలు. తీసేసినవి పాఠాలు."

ఆవిడ మొహంలో వెలుగు పోయింది. నేను ఆవిడను అట్లా ఎప్పుడూ చూడలేదు. నా పలక మీద వంకర 'ఱ' చూసినప్పుడు కూడా ఇంత కుంగిపోలేదు. "ఎంత పని చేశానే" అన్నారు మెల్లిగా. "అడక్కుండా చేశాను. పిల్లలు అడక్కుండా బోర్డు తుడిచేస్తే వీపు చిట్లగొట్టేదాన్ని."

నాకు ఏడుపొస్తోంది, కాని వేలు ఒక చోట ఇరుక్కుని ఉండగా ఏడవడం కూడా కుదరదు. తెర వైపే చూస్తున్నాను. పెట్టె పక్కన, ఎడమ చివర, ఆ బుట్ట బొమ్మ కనిపించింది. ఇందాక ఖాళీగా ఉన్న బుట్ట. ఇప్పుడు అందులో కాగితాలు పైకి పొంగి ఉన్నాయి.

మా ఇళ్లలో మగ్గం కింద ఊడ్చిన తుక్కు ఆ రోజే పారెయ్యరు. తెగిన పోగుల ముక్కలు ఒక బుట్టలో వేసి గుంట పక్కనే ఉంచుతాం. చీర మగ్గం దిగేదాకా బుట్ట బయటికి పోదు. ఎందుకంటే ఎక్కడో ఒక పోగు తెగుతుంది, అదే రంగు ముక్క అతకడానికి కావాలి. పెళ్లైన కొత్తలో ఇల్లు నీటుగా ఉంచుదామని నేను ఆ బుట్ట కాలవలో కుమ్మరించి వచ్చాను. మా అత్తగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. బుట్ట వేరు, కాలవ వేరు అని ఆవిడ ఊళ్లోవాళ్లందరికీ చెప్పారు, నాకు తప్ప.

"టీచరుగారూ, మీరు తీసేసినవి ఎక్కడ వేశారు?"

"వేయడమేంటి? తీసేశానంతే."

"తీసిందేదైనా ఎక్కడో ఒకచోట పడాలిగదండీ. ఆ బుట్ట చూడండి. ఇందాక ఖాళీగా ఉంది, ఇప్పుడు నిండింది."

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశారు. "అవునే. నిండింది కదాని నేనే ఖాళీ చేద్దామని దాన్ని నొక్కాను. ఇంట్లో బుట్ట నిండితే నాకు నిద్రపట్టదు. అప్పుడే ఈ పెట్టె వచ్చింది."

"అయితే ఇంకా పారెయ్యలేదండీ. పారెయ్యమంటారా అని అడుగుతోందంటే చేతిలో ఉన్నట్టేగా. పారేసినవాళ్లు అడుగుతారా?"

టీచరుగారు ఆ పెట్టెలోని మాటలు మళ్లీ చదివారు. ఈసారి ఒక్కో మాట కింద వేలు పెట్టి, పైకి, మాకు వాచకం చదివించినట్టే చదివారు. "నిజమే. ప్రశ్నే ఇది. చివర ప్రశ్నార్థకం కూడా ఉంది. కుడివైపు గడిలో వద్దు అని ఉంది. దానిమీదికి పో. మెల్లగా."

ఎడమ గడి మీద నుంచి కుడి గడి మీదికి బెత్తెడు దూరం కూడా లేదు. పడుగులో ఒక్క పోగు పక్కకు జరిపినట్టు జరిపాను. టీచరుగారు నా మణికట్టు పట్టుకున్నారు, సాయానికనుకుంటా, దాంతో బాణం పక్కకు జారబోయింది. "వదలండి" అన్నాను. వదిలారు. బాణం వద్దు మీద ఆగింది. నొక్కాను. పెట్టె మూసుకుంది.

బుట్ట తెరిచాం. పద్దెనిమిదీ అందులోనే ఉన్నాయి.

ఒక్కొక్కదాన్నే వేలితో పట్టుకుని, ఈడ్చి, అమ్మ అట్టలో వేశాను. మధ్యలో రెండుసార్లు జారి కొండల మీద పడ్డాయి, మళ్లీ ఏరాను. టీచరుగారు హాజరు పిలిచినట్టు లెక్కపెట్టారు. "ఒకటి... రెండు..." అన్నీ అయిపోయాక, అన్నింటినీ ఒక్క దెబ్బకు వెనక్కి పంపే గడి ఒకటి పైనే ఉందని చదివి చెప్పారు.

ఆవిడే లేచి కాఫీ కలుపుకొచ్చారు. ఇన్నేళ్లలో నాకు ఆవిడ కాఫీ కలిపి ఇవ్వడం అదే మొదలు. ఎప్పుడూ నేనే కలిపేదాన్ని. అందులో చక్కెర వేయడం మరిచిపోయారు. అట్లాగే తాగేశాను.

"ఆ చిక్కులో పాఠం ఎక్కడుంది? చూపించు" అన్నారు కుర్చీ దగ్గరికి లాక్కుని.

ఒక ఫోటో పెద్దది చేశాను. మరిది జడ ఫోటో బాగా తీశాడు. పోగు పోగూ విడిగా ఉంది. "ఇదిగో, ఇక్కడ ఆకుపచ్చ పోగు బయలుదేరింది. మూడింటి మీదుగా పోయి మునిగింది. ఒకటి వదిలింది. మళ్లీ రెండింటి మీదుగా. ఇది తోక. ఇక్కడ చూడండి, పోగు తెగితే అమ్మ ముడివేసింది. ఆవిడ ముడి ఎప్పుడూ ఎడమవైపుకే పడేది, ఎడమచేతి వాటం." నా వేలు అక్కడ కాసేపు ఆగింది. పలక మీద కాదు, తెర మీదే పెట్టాను. టీచరుగారు తెర మీద మరకలు పడతాయని ఇందాక ఒకసారి అన్నారు, ఇప్పుడు అనలేదు.

"దీన్ని ఎక్కడన్నా రాసుకోవాలి కదే. గళ్ల కాగితం కావాలి" అని ఆవిడ చుట్టూ చూశారు. చూపు హాజరు పట్టీ మీద పడింది. పేజీ నిండా గళ్లే. నెలకు ముప్పై ఒకటి అడ్డంగా, క్లాసుకు నలభై మంది నిలువుగా.

కొత్త పేజీ తిప్పారు. పెన్సిల్ చెక్కుకున్నారు. పోగు లేస్తే హాజరు, గడిలో టిక్కు. పోగు లేవకపోతే గైర్హాజరు, గడి ఖాళీ. నేను తెర చూసి చదువుతుంటే ఆవిడ రాశారు. "మూడు హాజరు, ఒకటి లేదు, రెండు హాజరు, నాలుగు లేవు..." కింది వరస నుంచి పైకి. చాలాసేపు గదిలో అదే మాట. ఆవిడ తొందరపడి ఒకచోట నేను చెప్పకముందే రెండు టిక్కులు కొట్టేశారు.

"ఊహించి రాయకూడదండీ" అన్నాను. "చెరిపేసి ఆ వరస మళ్లీ మొదటి నుంచి."

ఆవిడ రబ్బరు తీసుకుని చెరిపారు.

నేను ఆఖరి బస్సుకు లేవాల్సిన వేళకు మొదటి పక్షి సగం తేలింది. టీచరుగారు పట్టీని చేతులు చాపినంత దూరంలో పట్టుకుని, తల ఇటు వంచి, అటు వంచి చూశారు.

"ఏమోనే, నాకిది కోడిలా ఉంది."

"ఇంకా ముక్కు రాలేదండీ" అన్నాను. "రాయండి. ఒకటి హాజరు."